ఖైదీల భద్రతా తనిఖీ: చూడాల్సిన తీరు, రాయాల్సిన తీరు

రాత్రి బీటు తిరిగే వార్డర్లు, కొత్తగా ప్రమోషన్ వచ్చిన హెడ్ వార్డర్లు, సబ్‌జైళ్లలో ఇద్దరు ముగ్గురితోనే నెట్టుకొచ్చే సిబ్బంది మళ్లీ మళ్లీ అడిగేవి రెండే ప్రశ్నలు. రౌండులో అసలు ఏం చూడాలి? రిజిస్టర్‌లో ఎంతవరకు రాయాలి? ఈ రెండిటికీ వరుసక్రమంలో జవాబు ఇది. అడవివరం దగ్గరి విశాఖపట్నం కేంద్ర కారాగారం వంటి పెద్ద జైలుకైనా, చుట్టుపక్కల సబ్‌జైళ్లకైనా పనికొచ్చేలా రాశాం.

ముందే ఒక తేడా తెలుసుకోవాలి. తాళం పడిందా, ఊచలు గట్టిగా ఉన్నాయా, గోడ పక్కన ఏమైనా కదులుతోందా అని చూడటం కాపలా. లోపలున్న మనిషి ఊపిరితో, స్పృహతో, క్షేమంగా ఉన్నాడా అని చూడటం భద్రతా తనిఖీ. ఒకే రౌండులో రెండూ చేస్తాం కాబట్టి మొదటిది చేసి రెండోది కూడా అయిపోయిందనుకుంటాం. జైళ్లలో పోయిన ప్రాణాల వెనక చాలాసార్లు ఉండేది ఈ పొరపాటే.

ఇక్కడ చెప్పిన వ్యవధులు మంచి పద్ధతిగా పాటించదగ్గవి. మీ సూపరింటెండెంట్ స్టాండింగ్ ఆర్డర్‌లో ఇంతకంటే తక్కువ వ్యవధి ఉంటే అదే పాటించాలి.

1. డ్యూటీ ఎక్కే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

- టార్చి, విడి బ్యాటరీలు. వెలుగు మరీ తీక్షణంగా ఉంటే నిద్ర లేస్తారని మొహం మీద వేయడం మానేస్తాం. ఛాతీ మీద, పక్క గోడ మీద వేసి చూడటానికి సరిపడే వెలుగు చాలు.
- చేతి గడియారం. దాన్ని మెయిన్ గేటు గడియారంతో, సీసీటీవీ తెర మీది సమయంతో సరిచూసుకోవాలి. మూడింట్లో తేడా ఉంటే ఎన్ని నిమిషాలో రిపోర్టు బుక్కులో రాయాలి. రేపు విచారణలో ఆ కొద్ది నిమిషాల తేడాయే పెద్ద ప్రశ్న అవుతుంది.
- పరిశీలన రిజిస్టర్, రెండు పెన్నులు. పెన్సిలు వద్దు.
- విజిల్ లేదా వాకీటాకీ. పని చేస్తోందో లేదో బీటులోని చివరి సెల్ దగ్గర నిలబడి పరీక్షించాలి, గేటు దగ్గర కాదు.
- చేతి తొడుగులు, నోటికి పెట్టే రక్షణ మాస్కు, మొన మొద్దుగా ఉన్న అత్యవసర కత్తెర. కత్తెర బ్లాకు హెడ్ వార్డర్ దగ్గర లెక్కలో ఉండాలి.

ఇంకొకటి సామాను జాబితాలో కనిపించదు కానీ అన్నిటికంటే ముఖ్యం. సెల్ తాళంచెవులు ఎక్కడున్నాయి? చాలా జైళ్లలో లాకప్ (సాయంత్రం ఖైదీలను లోపల పెట్టి తాళం వేయడం) అయ్యాక తాళంచెవులు గేటుకు చేరిపోతాయి. బ్లాకులో మనిషి ప్రాణం మీదకు వస్తే తాళం వచ్చేదాకా బయట నిలబడి చూడాల్సిందే. ఊపిరి ఆగిన నాలుగు నిమిషాల తర్వాత మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. కాబట్టి మీ బ్లాకులోని ఆఖరి సెల్ నుంచి కేక వేసిన క్షణం నుంచి తలుపు తెరుచుకునే క్షణం దాకా ఎంతసేపు పడుతోందో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. మూడు నిమిషాలు దాటితే ఆ లెక్కను రాతపూర్వకంగా జైలర్‌కు ఇచ్చి, సీలు వేసిన అత్యవసర తాళం పెట్టె బ్లాకు దగ్గరే ఉంచమని కోరాలి.

2. ఛార్జి తీసుకోవడం: బల్ల దగ్గర కాదు, సెల్ ముందు

దిగిపోయే వార్డర్, ఎక్కే వార్డర్ కలిసి నడవాలి. ప్రతి సెల్ ముందు ఇద్దరూ లోపలి మనిషిని చూడాలి. "అంతా బాగానే ఉంది, సంతకం పెట్టెయ్" అన్న మాటతో ఛార్జి పూర్తి కాదు.

అడిగి తెలుసుకోవాల్సినవి ఇవి:

- ప్రత్యేక నిఘాలో ఎవరున్నారు, ఏ స్థాయిలో, ఎందుకు?
- ఈ రోజు కోర్టుకు ఎవరు వెళ్లొచ్చారు? బెయిల్ ఎవరికి కొట్టేశారు? శిక్ష ఎవరికి పడింది?
- ములాఖత్‌లోగానీ ఫోనులోగానీ చెడ్డ కబురు విన్నవాళ్లు ఎవరు?
- అన్నం ముట్టనివాళ్లు, మందులు వేసుకోనివాళ్లు ఎవరు?
- ఎవరికి ఎవరితో గొడవ ఉంది?

ఛార్జి తీసుకున్న నిమిషం నుంచి బాధ్యత మీదే. ఏదైనా సెల్‌లో జవాబు రాకపోతే ఛార్జి తీసుకోకముందే లేపించి చూడాలి.

3. లెక్క తేల్చడం

సాయంత్రం లాకప్ దగ్గర ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టాలి. మొదటివాడు తనకొచ్చిన సంఖ్య పైకి చెప్పకూడదు. చెబితే రెండోవాడి కళ్లు ఆ సంఖ్య కోసమే వెతుకుతాయి. ఇద్దరూ చీటీ మీద రాసి హెడ్ వార్డర్‌కు ఇచ్చాక పోల్చాలి.

లెక్క ఇలా కుదరాలి: నిన్నటి లాకప్ 64. కొత్తగా వచ్చినవారు 5. విడుదలైనవారు 3. వేరే బ్లాకుకు మారినవారు 2. ఆసుపత్రిలో 1. ఈ రాత్రి బ్లాకులో ఉండాల్సినవారు 63. కాగితం మీద 63 వచ్చి తలలు 62 ఉంటే ముందు మరుగుదొడ్డి, తర్వాత వంటశాల, తర్వాత ఆసుపత్రి వార్డు. అప్పటికీ దొరక్కపోతే ఆలస్యం చేయకుండా అలారం.

మహిళా బ్యారక్‌లో తల్లుల దగ్గర ఆరేళ్ల లోపు పిల్లలు ఉండొచ్చు. పిల్లల సంఖ్యను ఖైదీల సంఖ్యలో కలపకుండా వేరే గడిలో రాయాలి, కానీ రాయడం మాత్రం తప్పనిసరి. పసిబిడ్డ ఒంట్లో నలతగా ఉంటే ఆ రాత్రి తనిఖీలో బిడ్డ కూడా భాగమే. ఆ బ్యారక్‌లో తనిఖీ మహిళా సిబ్బందే చేయాలి.

4. ఎవరిని ఎంతసేపటికి ఒకసారి చూడాలి

మూడు స్థాయిలు పెట్టుకుంటే చాలు.

*సాధారణ స్థాయి.* ఎక్కువమంది ఉండే బ్యారక్‌లు. రాత్రి గంటకు మించకుండా ఒక రౌండు.

*దగ్గరి నిఘా.* 15 నిమిషాలకు మించకూడదు. కొత్త ఖైదీ, మత్తు మానినవాడు, ఆత్మహత్య ఆలోచన ఉన్నట్టు అనుమానం ఉన్నవాడు, సింగిల్ సెల్‌లో ఉన్నవాడు ఇందులోకి వస్తారు.

*కన్నార్పని నిఘా.* ఇప్పుడే ప్రయత్నం చేసినవాడు, చేస్తానని చెప్పినవాడు. ఒక మనిషి ఎదురుగా కూర్చుని చూస్తూనే ఉండాలి. రెండు గంటలకు మించి ఒక్కరినే కూర్చోబెడితే కళ్లు తెరిచే ఉంటాయి గానీ చూపు ఉండదు. రెండు గంటలకోసారి మనిషిని మార్చాలి.

15 నిమిషాలంటే సరిగ్గా 15కి ఒకసారి కాదు. 7 నిమిషాలకు, 13కి, 9కి, 14కి వెళ్లాలి. గడియారం ముల్లులా వెళితే రెండో రాత్రికే లోపలివాడికి మీ రాకపోకలు తెలిసిపోతాయి. మీరు వెళ్లాక ఎంత సమయం తన చేతిలో ఉందో వాడికి లెక్క దొరుకుతుంది. వచ్చిన దారినే కాకుండా ఒకసారి అటునుంచి, ఒకసారి ఇటునుంచి రావాలి. అప్పుడప్పుడు, దాటిన సెల్ దగ్గరకే రెండు నిమిషాల్లో మళ్లీ వెనక్కి రావాలి.

నిఘా స్థాయి పెంచడానికి ఏ వార్డర్‌కైనా హక్కు ఉండాలి. తగ్గించడానికి మాత్రం మెడికల్ ఆఫీసర్ చూసి, కారణం రాసి, సంతకం పెట్టాలి. "నాలుగు రోజులైంది, ఏం కాలేదు కదా" అన్నది కారణం కాదు.

శిక్ష పడిన ఖైదీలను రాత్రి కాపలాకు పెట్టే పాత అలవాటు ఉంది. తోటి ఖైదీ తోడుగా ఉండటం మంచిదే, ఒంటరితనం తగ్గుతుంది. కానీ ఆ తోడు మీ తనిఖీకి బదులు కాదు, అతని మాటతో రిజిస్టర్ నింపకూడదు.

5. మొదటి మూడు రోజులు

కొత్త ఖైదీకి మొదటి 72 గంటలు గండం. ఈ ప్రాంతంలో ఆ గండం రకరకాలుగా వస్తుంది, అన్నీ తెలిసి ఉండాలి.

*మద్యం మానినవాడు.* రోజూ తాగే మనిషి అరెస్టుతో ఒక్కసారిగా ఆపేస్తాడు. ఆరేడు గంటల నుంచే చేతులు వణకడం, చెమట, వాంతి మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య లేనివి కనిపించడం, ఎక్కడున్నాడో తెలియకపోవడం, గోడ మీద పురుగులు పాకుతున్నాయనడం వంటివి వస్తాయి. దీన్ని "పిచ్చి వేషాలు" అనుకుని సింగిల్ సెల్‌లో వేస్తే చనిపోవచ్చు. ఇది ఆసుపత్రి కేసు. అందుకే అడ్మిషన్‌లోనే "రోజూ తాగుతావా? ఆఖరుసారి ఎప్పుడు తాగావు?" అని అడిగి, గంటతో సహా రాయాలి.

*ఏజెన్సీ నుంచి వచ్చినవాడు.* చలితో జ్వరమంటే మలేరియా పరీక్ష అదే రోజు చేయించాలి. కీళ్లు, ఛాతీ, కడుపు భరించలేని నొప్పి అంటూ మెలికలు తిరిగితే సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు) ఉందేమో అడగాలి. ఒళ్లు ఎండిపోయి నీరు తగ్గితే, చలి తగిలితే ఈ నొప్పి ముదురుతుంది. పైకి గాయం కనిపించదు కాబట్టి నాటకం అనుకునే ప్రమాదం ఎక్కువ. ఇంటి నుంచి తెచ్చిన మందుల చీటీ ఉంటే పారేయకుండా డాక్టర్‌కు ఇవ్వాలి.

*భాష రానివాడు.* గంజాయి కేసుల్లో వచ్చేవాళ్లలో ఒడియా, హిందీ, తమిళం, కువి (ఒక గిరిజన భాష) మాట్లాడేవాళ్లు ఉంటారు. "బాగున్నావా?" అంటే అర్థం కాకపోయినా తల ఊపుతారు. ఆ తల ఊపడాన్ని జవాబుగా రాసుకోవద్దు. బాధ, నొప్పి, ఊపిరి, నిద్ర, భయం అనే ఐదు మాటలు వాళ్ల భాషలో ఒక అట్ట మీద తెలుగు లిపిలో రాయించి బ్లాకులో పెట్టండి. అదే భాష తెలిసిన మరో ఖైదీ సాయం తీసుకోవచ్చు. చావు ఆలోచనల గురించి, కేసు గురించి అడిగేటప్పుడు మాత్రం దుబాసీగా సిబ్బందే ఉండాలి.

*మొదటిసారి జైలుకొచ్చినవాడు.* వరకట్నం కేసు, కుటుంబంలో హత్య కేసు, పిల్లల మీద నేరం కేసు, అప్పుల కేసు: వీళ్లలో సిగ్గు, భయం ఎక్కువ. నేరుగా అడగండి: "బతకాలని లేదనిపిస్తోందా? చనిపోవాలన్న ఆలోచన వచ్చిందా?" అడిగితే ఆ ఆలోచన మనమే పెట్టినట్టవుతుందన్న భయం వద్దు. అడిగినందుకు ఊరట పడేవాళ్లే ఎక్కువ. అవునంటే అతన్ని ఒంటరిగా వదలకుండా అక్కడి నుంచే హెడ్ వార్డర్‌ను, మెడికల్ ఆఫీసర్‌ను పిలవాలి.

72 గంటలు దాటినా గండం మళ్లీ వచ్చే రోజులు ఉంటాయి. బెయిల్ కొట్టేసిన సాయంత్రం, తీర్పు రోజు, ఇంట్లో చావు కబురు, వారం వారం వచ్చే భార్య వరసగా మూడు ములాఖత్‌లకు రాకపోవడం, సంక్రాంతి, దసరా, వేరే జైలుకు మార్పు. ఇలాంటి రోజు దగ్గరి నిఘా దానంతటదే మొదలవ్వాలి.

6. తలుపు దగ్గర: 30 సెకన్ల పని

ఈ భాగం నిదానంగా చదవండి. మిగతా మార్గదర్శి అంతా ఈ 30 సెకన్ల కోసమే.

ఒకటి. ఆగండి. నడుస్తూ చూడటం తనిఖీ కాదు. రెండు పాదాలు సెల్ ముందు నిలవాలి.

రెండు. సెల్ మొత్తం ఒకసారి కళ్లతో తిప్పండి. పై నుంచి కిందకు: కిటికీ, ఊచలు, మరుగుదొడ్డి గోడ, పడక, నేల. ఉండాల్సిన చోట లేనిదేమిటి, ఉండకూడని చోట ఉన్నదేమిటి? చింపిన దుప్పటి, నేల మీద తడి, రక్తపు మరక, తలుపును కప్పుతూ ఆరేసిన బట్ట. చూపుకు అడ్డొచ్చే బట్టను అప్పటికప్పుడే తీయించాలి.

మూడు. మనిషిని చూడండి, దుప్పటిని కాదు. ఒంట్లో ఏదో ఒక భాగం చర్మం కనిపించాలి. మొహం కనిపిస్తే మేలు. తల దాకా ముసుగు తన్ని పడుకోవడం మనవాళ్లకు అలవాటు, దోమలకో లైటుకో. అలవాటే కదా అని వదిలేస్తే కింద దిండు, చుట్టిన బట్టలు ఉన్నా తెలియదు. దగ్గరి నిఘాలో ఉన్నవాడికి దుప్పటి భుజాల దాకానే అని పడుకోకముందే మర్యాదగా చెప్పాలి.

నాలుగు. ఊపిరి. టార్చి వెలుగు పక్కటెముకల మీద పడేలా వేసి, లేచి పడటం చూడాలి. పెద్దవాళ్లకు విశ్రాంతిలో నిమిషానికి 12 నుంచి 20 సార్లు. అనుమానంగా ఉంటే 30 సెకన్లు లెక్కపెట్టి రెండింతలు చేయండి. ఛాతీ కదలిక కనిపించకపోతే పొట్ట చూడండి. అప్పటికీ తెలియకపోతే పిలవాలి, ఊచల మీద తట్టాలి, లేపాలి. నిద్ర చెడుతుందన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు.

ఐదు. శబ్దం వినండి. తాగి వచ్చినవాడు, మాత్రలు మింగాడని అనుమానం ఉన్నవాడు గురగురమంటూ గట్టిగా గురక పెడుతుంటే అది గాఢ నిద్ర కాకపోవచ్చు. నాలుక వెనక్కి జారి ఊపిరి గొట్టం మూసుకుంటోందేమో. లేపండి. లేవకపోతే అత్యవసరం.

ఆరు. మేలుకుని ఉంటే మాట్లాడించండి. "ఏం బాబూ, నిద్ర పట్టలేదా?" "పట్టింది సార్, బాగానే ఉన్నాను." ఇంతటితో ఆగితే ఏమీ తెలియదు. "రాత్రి అన్నం తిన్నావా? ఏం కూర పెట్టారు?" అని అడగండి. జవాబు పొంతన లేకుండా వచ్చినా, మాట తడబడినా, కళ్లు కలపకపోయినా అది రాయాల్సిన విషయం. ఎప్పుడూ పోట్లాడే మనిషి ఉన్నట్టుండి ప్రశాంతంగా మారి, తన వస్తువులు పంచిపెట్టి, "అందరూ బాగుండండి" అంటుంటే ఊరట పడకండి. నిఘా పెంచండి.

ఏడు. అక్కడే, ఆ సెల్ ముందే రాయండి.

పెద్ద బ్యారక్‌లో ఒక్కొక్కరి ముందు 30 సెకన్లు నిలబడటం కుదరదు. అక్కడ వరసల మధ్య కనిపించేంతవరకు చూసి, మూలల్లో, మరుగుదొడ్డి దగ్గర, ముసుగు తన్నిన చోట ఆగాలి. ముందే తెలిసిన ఇబ్బందులున్నవాళ్లను గేటుకు దగ్గరగా, లైటు కింద పడుకోబెడితే సగం పని తేలికవుతుంది.

7. రిజిస్టర్ ఎలా రాయాలి

పేజీలకు నంబర్లు వేసిన, కుట్టిన పుస్తకమే వాడాలి. విడి కాగితాలు వద్దు. ఉండాల్సిన గడులు: తేదీ, సమయం, సెల్ నంబరు, ఖైదీ నంబరు, కనిపించింది, చేసిన పని, సంతకం. కులం గడి ఉండకూడదు. జైలు రిజిస్టర్లలో కులం ప్రస్తావన తొలగించాలని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో తీర్పిచ్చింది. పాత అచ్చు పుస్తకంలో ఆ గడి ఉంటే పుస్తకం మార్పించాలి.

పనికిరాని రాత ఇలా ఉంటుంది:

22.00 – ఓకే. 22.15 – ఓకే. 22.30 – ఓకే. 22.45 – ఓకే.

చదివిన మెజిస్ట్రేటుకు ఇందులో కనిపించేది ఒక్కటే: ఈ పేజీ ఒకే కూర్చోవడంలో నిండింది. నిజంగా తిరిగినా సరే, తిరగనట్టే కనిపిస్తుంది.

పనికొచ్చే రాత ఇలా ఉంటుంది:

22.07 – సెల్ 4. ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాడు, మొహం గోడ వైపు. దుప్పటి భుజాల దాకా. ఊపిరి కనిపించింది. కాలు కదిపాడు.

22.19 – సెల్ 4. లేచి కూర్చుని ఉన్నాడు. నిద్ర రావడం లేదన్నాడు, ఇంటి గురించి బెంగ అన్నాడు. నీళ్లు తాగాడు. హెడ్ వార్డర్‌కు 22.21కి చెప్పాను.

22.28 – సెల్ 4. కూర్చునే ఉన్నాడు. హెడ్ వార్డర్ వచ్చి మాట్లాడుతున్నారు.

మూడు ఎంట్రీలు రాయడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. కళ్లకు కనిపించింది, చెవికి వినిపించింది, చేసింది రాయాలి. "డిప్రెషన్‌లో ఉన్నాడు", "నటిస్తున్నాడు" అన్నవి మన అభిప్రాయాలు, రోగ నిర్ధారణ డాక్టర్ పని. "రెండు పూటలా అన్నం వదిలేశాడు, పిలిస్తే పలకలేదు" అని రాస్తే డాక్టర్‌కూ ఉపయోగం. మనిషి అన్న మాటలు అతని మాటల్లోనే, బూతున్నా సరే, ఉన్నది ఉన్నట్టు రాయాలి.

పాటించాల్సినవి:

- ముందుగా సమయాలు వేసి ఉంచకూడదు. అచ్చులోనే 22.00, 22.15 అని వచ్చిన ఫారం ఉంటే ఆ అంకెలు కొట్టేసి అసలు సమయం రాయాలి.
- తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టేసి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం, సమయం వేయాలి. కింద ఉన్న అక్షరాలు చదవడానికి వీలుండాలి. వైట్నర్, అంకె మీద అంకె దిద్దడం, పేజీ చించడం ఏ పరిస్థితిలోనూ వద్దు.
- గొడవ మధ్యలో రాయడం కుదరకపోతే తర్వాత "ఆలస్యంగా రాసినది, 02.40కి రాస్తున్నాను, జరిగిన సమయం 01.55" అని మొదలుపెట్టాలి.
- రౌండు తప్పిపోతే తప్పిందనే రాయాలి: "00.30 నుంచి 01.10 వరకు సెల్ 9లో ఫిట్స్ కేసు వల్ల సెల్ 4 చూడలేదు. 01.12కి చూశాను." నిజం రాసిన ఖాళీని అధికారి అర్థం చేసుకుంటాడు. సీసీటీవీలో దొరికిపోయిన అబద్ధపు ఎంట్రీ ఉద్యోగం తీస్తుంది, కేసు కూడా అవుతుంది.
- ఒకరి సంతకం మరొకరు పెట్టకూడదు.

కొన్నిచోట్ల గోడకున్న గుర్తును స్కాన్ చేస్తే రౌండు నమోదయ్యే యంత్రాలు వాడుతున్నారు. మీరు ఆ తలుపు దాకా వెళ్లారని అది చెబుతుంది, లోపలికి చూశారని చెప్పదు. స్కాన్ చేసినా రాయాల్సిందే.

8. ప్రాణం మీదకు వస్తే మొదటి ఐదు నిమిషాలు

విజిల్ ముందు, పరుగు తర్వాత. ఎవరికీ చెప్పకుండా లోపలికి దూకితే ఇద్దరు చిక్కుకుంటారు. తలుపు తెరిచేటప్పుడు కనీసం ఇద్దరు ఉండాలి, ఒకరు మిగతా ఖైదీలను వెనక్కి ఉంచాలి. ఒకరు 108కి, మెడికల్ ఆఫీసర్‌కు ఫోన్ చేయాలి.

*మెడకు ఏదైనా బిగుసుకుంటే:* ముందు ఒంటి బరువును ఎత్తి పట్టాలి, తర్వాత కోయాలి. ముడి మీద కోయకూడదు, తర్వాత విచారణలో ఆ ముడే సాక్ష్యం. నేల మీద పడుకోబెట్టి మెడ దగ్గర వదులు చేసి ఊపిరి చూడాలి. ఒళ్లు వేడిగా ఉందా, చల్లగా ఉందా అని ఆలోచిస్తూ కూర్చోవద్దు. చనిపోయాడని చెప్పాల్సింది డాక్టర్ మాత్రమే.

*ఊపిరి లేకపోతే:* ఛాతీ మధ్యలో రెండు అరచేతులతో 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. 30 నొక్కులకు 2 ఊపిర్లు. ఊపిరి ఇవ్వడం రాకపోతే నొక్కడం ఒక్కటే ఆపకుండా చేయాలి. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి.

*ఫిట్స్ వస్తే:* మనందరికీ వెంటనే తోచేది చేతిలో తాళాలో ఇనుప ముక్కో పెట్టడం. జైల్లో తాళాల గుత్తి నడుముకే ఉంటుంది, అందుకే ఇది ఇంకా ఎక్కువ జరుగుతుంది. దానివల్ల ప్రయోజనం లేదు, గట్టిగా పట్టుకున్న గుత్తితోనే మొహానికి గాయమవుతుంది. నోట్లో ఏమీ పెట్టొద్దు, నీళ్లు పోయొద్దు. చుట్టూ ఉన్నవి తీసేసి, తల కింద మడిచిన తువ్వాలు పెట్టి, కుదుపులు తగ్గగానే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. గడియారం చూడాలి. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ వచ్చినా ఆసుపత్రికి తరలించాలి.

*ఛాతీ నొప్పి:* "గ్యాస్ అయ్యుంటుంది" అని సోడా ఇచ్చి పడుకోబెట్టొద్దు. ఎడమ చెయ్యి, దవడ లాగుతున్నా, చల్లటి చెమట పట్టినా కూర్చోబెట్టి, నడిపించకుండా స్ట్రెచర్ మీద తరలించాలి.

ఈ పనులు జరుగుతుంటే ఒకరు సమయాలు రాస్తూ ఉండాలి. కేక ఎప్పుడు, తలుపు ఎప్పుడు, ఛాతీ నొక్కడం ఎప్పుడు, అంబులెన్స్ ఎప్పుడు. అరచేతి మీద రాసినా పర్వాలేదు, తర్వాత ఎక్కించి "చేతి మీద రాసుకున్నది" అని చెప్పాలి.

9. ఎక్కువగా జరిగే పొరపాట్లు, వాటికి మందు

*సీసీటీవీ గదిలో కూర్చుని రౌండు రాయడం.* కెమెరాలో దుప్పటి కనిపిస్తుంది, ఊపిరి కనిపించదు. కెమెరా అదనపు కన్ను మాత్రమే.

*ఉరి భయంతో మనిషిని ఖాళీ సెల్‌లో ఒంటరిగా వేయడం.* వస్తువులు తీసేస్తాం, తోడు కూడా తీసేస్తాం. ప్రమాదం తగ్గదు. తోడున్న చోట, చూపుకు అందే చోట ఉంచాలి.

*నిఘాను శిక్షలా చేయడం.* రాత్రంతా తలుపు బాదడం, "ఇంకా చావలేదా" వంటి మాటలు. ఆ మాట అన్న క్షణం నుంచి అతను తన బాధ మీకు చెప్పడు. మీ తనిఖీకి ఉన్న పెద్ద ఆయుధం పోయినట్టే.

*ఆసుపత్రికి పంపాక మరిచిపోవడం.* కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లోగానీ చినవాల్తేరు మానసిక ఆసుపత్రిలోగానీ ఉన్నంతకాలం ఎస్కార్టు సిబ్బంది దగ్గర ఇదే పద్ధతిలో పుస్తకం నడవాలి. పంపేటప్పుడు నిఘా స్థాయి, కారణం రాసిన కాగితం ఎస్కార్టు చేతికి ఇవ్వాలి. తిరిగొచ్చిన రోజు మళ్లీ మొదటి రోజుగా లెక్క.

10. విశాఖకు ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి

ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఉక్కపోతకు ఒంటి చెమట ఆరదు. కరెంటు పోయి ఫ్యాన్లు ఆగితే కిక్కిరిసిన బ్యారక్‌లో అరగంటలో పరిస్థితి మారుతుంది. ఒళ్లు కాలిపోతూ మాట తికమక పడితే వడదెబ్బ. బట్టలు వదులు చేసి, తడి గుడ్డతో తుడిచి విసరాలి, చంకల్లో గజ్జల్లో ఐసు పెట్టాలి, వెంటనే డాక్టర్. మానసిక వ్యాధికి మందులు వాడేవాళ్లకు వేడి తట్టుకునే శక్తి తగ్గుతుంది, వాళ్లను ముందు చూడాలి.

తుపాను హెచ్చరిక వస్తే టార్చి బ్యాటరీలు, తాగునీరు, వారం మందులు ముందే సరిచూసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు, రోడ్లకు చెట్లు అడ్డం పడ్డాయి. కెమెరాలు, స్కానర్లు ఆగిపోయిన రాత్రి నడిచే కాళ్లు, రాసే పెన్నే మిగులుతాయి. ఆ రాత్రుల్లో సాధారణ స్థాయి రౌండు కూడా అరగంటకు తగ్గించాలి.

సింహాచలం గిరి ప్రదక్షిణ రోజున, ఆషాఢ పౌర్ణమికి ముందు రోజున, అడవివరం నుంచి హనుమంతవాక దాకా రోడ్డంతా భక్తులే. అంబులెన్స్ మామూలు దారిన కదలదు. వారం ముందే ట్రాఫిక్ పోలీసులతో మాట్లాడి దారి, వెంట వచ్చే మనిషి ఎవరో తేల్చుకోవాలి. ఆ రోజు అనుమానమున్న జబ్బు మనిషిని మధ్యాహ్నం రద్దీ పెరగకముందే పంపడం మేలు. చందనోత్సవం నాడూ అంతే.

11. మరణం జరిగితే

సెల్‌ను ఉన్నది ఉన్నట్టు మూసి కాపలా పెట్టాలి. ప్రాణం కాపాడటానికి కదిపినవి ఏమిటో రాయాలి, మిగతావి కదపకూడదు. రిజిస్టర్‌లో ఆఖరి ఎంట్రీ కింద గీత గీసి, హెడ్ వార్డర్ సంతకంతో సూపరింటెండెంట్‌కు అప్పగించాలి. ఆ తర్వాత ఒక్క అక్షరం చేర్చకూడదు.

కస్టడీ మరణం సమాచారం 24 గంటల్లోగా జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు చేరాలి. భారతీయ నాగరిక సురక్ష సంహిత 196వ సెక్షన్ కింద మెజిస్ట్రేట్ విచారణ జరుగుతుంది. శవపరీక్షను వీడియో తీయాలి. సీసీటీవీ దృశ్యాలు పాతవాటి మీద కొత్తవి ఎక్కి చెరిగిపోకముందే, అదే రోజు విడిగా భద్రపరచాలి. కోర్టులో అవి నిలబడాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ కావాలి.

కుటుంబానికి కబురు టీవీలో తెలియకముందే, వాళ్లకు అర్థమయ్యే భాషలో, బాధ్యత గల అధికారి చెప్పాలి. అదే బ్లాకులోని మిగతా ఖైదీలను ఆ రాత్రి నుంచి వారం రోజులు దగ్గరి నిఘాలో ఉంచాలి, ఒక చావు ఇంకొకరి మనసులో ఆలోచన లేపుతుంది. మొదట చూసిన వార్డర్‌ను మర్నాడే అదే సెల్ ముందు నిలబెట్టొద్దు. మానసిక ఆరోగ్య సాయం అందించే టెలిమానస్ 14416 నంబరు ఉచితం, సిబ్బంది కూడా మాట్లాడవచ్చు, తెలుగులోనే.

12. హెడ్ వార్డర్, జైలర్ వారం వారం చూడాల్సినవి

- రిజిస్టర్‌లో ఏదో ఒక రాత్రి తీసుకుని, ఐదు ఎంట్రీలను సీసీటీవీతో పోల్చండి. నాలుగే కలిస్తే ఐదోది ఏమైందో ఆ వార్డర్‌తోనే మాట్లాడండి, ముందు తిట్టడానికి కాదు, ఆ బీటు ఒక్కరికి మించిన పనేమో తెలుసుకోవడానికి.
- సమయాలన్నీ 0, 5 అంకెలతోనే ముగుస్తుంటే ఆ పేజీ తర్వాత రాసింది.
- రెండు రౌండ్ల మధ్య అన్నిటికంటే పెద్ద ఖాళీ ఎంత, ఏ వేళలో? తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య వస్తుంటే డ్యూటీ రోస్టర్ మార్చాలి.
- రాత్రి 2 గంటలకు ముందస్తు కబురు లేకుండా అత్యవసర తాళం డ్రిల్లు నెలకోసారి. పట్టిన నిమిషాలు, సెకన్లు బ్లాకు గోడ మీద రాసిపెట్టండి, వచ్చే నెల దానికంటే తగ్గాలి.